రెప్పపాటులోని మహాకాలము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన పూర్వులు కాలమును నిమేషము, లవము, త్రుటి యని విభజించిరి. భాగవత తృతీయ స్కంధమున ఈ గణన కలదు. నేటి భౌతికశాస్త్రము మరింత సూక్ష్మమునకు పోయినది. సెకండును కోటి భాగములు చేసి, అందొక భాగమును మరల పదికోట్ల భాగములు చేసినచో లభించునది ఫెమ్టోసెకండు. కొన్ని ఫెమ్టోసెకండులు మాత్రమే నిలుచు లేజరు మెరపు తగిలినపుడు స్ఫటికములో నేమి జరుగునో మనవి చేసెదను.

వెనేడియం డయాక్సైడు అను పదార్థమొకటి కలదు. సుమారు 68 డిగ్రీల సెంటీగ్రేడుకు లోపల నది విద్యుత్తును సరిగా పారనీయదు. ఆ వేడి దాటినంతనే లోహమువలె పారనిచ్చును. ఈ వింతను 1959లో మోరిన్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. చల్లగా నున్నపుడు అందలి వెనేడియం పరమాణువులు జంటలు జంటలుగా నుండును. వేడెక్కినపుడు జంటలు విడి సమదూరమున నిలుచును. పదార్థము మారలేదు, అమరిక మారినది. దానితో గుణమును మారినది.

లేజరు మెరపు మొదట ఎలక్ట్రానులను కదలించును. అవి చెదరగనే జంటలను పట్టియుంచిన కట్టు సడలును. పరమాణువులు వేడెక్కువరకు వేచియుండనక్కరలేదు. ఈ మార్పును ఎక్స్ కిరణముల మెరపులతో పరిశీలించిన ఫలితములు 2001లో వెలువడినవి.

అయితే జంటలెట్లు విడుచున్నవి? కోలాటము వేయువారివలె ఒక్క తాళమునకు కదలుననియే చాలకాలము తలచిరి. 2018లో ప్రకటితమైన పరిశోధన వేరుగా చెప్పినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డు ఎక్స్ కిరణ లేజరుతో చూడగా, పరమాణువులు తాళము తప్పి, దేనిదారిన అది చెదరి, రెండువందల ఫెమ్టోసెకండులకు లోపలనే క్రొత్త అమరికను చేరుచున్నవి. మునుపటి కొలతలు సగటును మాత్రమే చూపినవి. మొత్తము సరిపోయినంత మాత్రమున పద్దులన్నియు సరియని చెప్పరాదని లెక్కలు వ్రాయువారమెరుగుదుము గదా!

స్ఫటికము పెద్దదైనచో పలుమారులు మారుటచే బీటలు వారును. మిక్కిలి చిన్నదైనచో తట్టుకొనును. మరియొక విశేషము: మార్పు తరచుగా స్ఫటికమందలి యేదో లోపముకడ మొదలగును. చిన్న రేణువులో అట్టి లోపము లేకపోవచ్చును. కావున నది 68 డిగ్రీలకు చాల దిగువకు చల్లారినను లోహముగనే యుండగలదు. లోపమే మార్పునకు ద్వారమగుట యెంత చిత్రము!

ఇదియంతయు మనకేల యని యడుగవచ్చును. తిరిగి వ్రాయదగిన డీవీడీ పళ్లెములో లేజరు మెరపు మరియొక పదార్థపు అమరికను మార్చియే అక్షరములను నిలుపును. అమరికయే జ్ఞాపకము. చెల్లాచెదరుగానున్న పుస్తకములను ఒక చోట అమర్చగా గ్రంథాలయమైనట్లే! ఈ అమరికను చెదరనీయక కాపాడుడని ప్రార్థించుచు సెలవు తీసుకొనుచున్నాను.