వంటింటి వైద్యం ఎంతవరకు?
(బాన్సువాడ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. సర్కారు దవాఖానాల్లో ఫార్మసిస్టుగా మందులిచ్చి రిటైరయిన వాణ్ణి. సర్దికి, దగ్గుకు, విరేచనాలకు ఇంట్లో చేసుకునే వైద్యం గురించి చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

ముందుగా పసుపు. 2016లో కామారెడ్డి జిల్లాలో చేరేదాకా మనదీ పసుపుకు పేరుపడ్డ నిజామాబాదు జిల్లాయే గదా! పసుపుతో గాయాలు మాన్పడం తమ కొత్త పద్ధతి అంటూ 1995లో కొందరు అమెరికాలో పేటెంటు పొందారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపి అడ్డు చెప్పగా 1997లో అది రద్దయింది. పసుపు ఒంటికి పట్టడానికి మిరియాలు తోడ్పడతాయని బెంగుళూరు పరిశోధకులు 1998లో చూపారు. మన అమ్మలు పసుపుపాలలో మిరియాల పొడి ఏనాటినుంచో వేస్తూనే ఉన్నారు. అయితే అది గొంతుకు హాయినిచ్చేదే గాని క్రిములను చంపేది కాదు. ఉప్పునీళ్ళు పుక్కిలించడం, అల్లం తులసి కషాయం కూడా అంతే. దగ్గుకు తేనె మంచిదే. ఏడాది నిండని మనవలకు మాత్రం నాకించకండి, ప్రమాదం.

నన్నడిగితే ఇంటి వైద్యాలన్నిటిలో గొప్పది ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణమే తాగించి వేలమందిని కాపాడారు. ప్యాకెట్టు దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో చక్కెర ఆరు చెంచాలు, ఉప్పు అర చెంచా. చిన్న చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే కీడు. షుగరు, బి.పి., గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరునడిగి తాగాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. మనలో షుగరున్నవారు ఎందరో! కాలికి ముల్లు గుచ్చుకుంటే పసుపు అద్ది ఊరుకుంటాం. స్పర్శ తగ్గిన కాలు నొప్పి చెప్పదు. పుండు లోలోపల ముదిరి వేళ్ళు తీసేయవలసి వచ్చినవారిని నేను దవాఖానాలో చూశాను. కాలి పుండుకు పసుపు వద్దు, అదేరోజు డాక్టరుకు చూపించండి.

డెంగీ జ్వరానికి బొప్పాయి ఆకు రసం తాగి ఇంట్లో పడుకోవడమూ అంతే. జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం కనిపిస్తే క్షణం ఆగవద్దు. డెంగీ అనుమానముంటే ఆస్పిరిన్, బ్రూఫెన్ సొంతంగా మింగరాదు.

ఇంట్లో పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. ముసలివారికి నిమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు. తిండి మానేసి, మగతగా ఉండి, పొంతన లేకుండా మాట్లాడితే వయసని సరిపెట్టుకోకండి. ఆయాసముంటే అసలే ఆగకండి.

ఇంగ్లీషు మందులూ ప్రకృతికి దూరమేం కావు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో అమెరికాలో తయారై 1948లో వెలువడిన ఆరియోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిందే. అలాగని పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ బిళ్ళలు సర్దికి మింగకండి, వైరస్ మీద అవి పనిచేయవు. ఫ్లూ, నిమోనియా టీకాల గురించి మీ డాక్టరునడగండి.

తక్కిన సందేహాలు టీ తాగుతూ మాట్లాడుకుందాం.