పసిపిల్లల చేతిలో కంప్యూటరు

పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చినవి. కొన్ని చోట్ల పలకవంటి టాబ్లెట్లును వచ్చినవి. ఇంట సెల్‌ఫోను ఉండనే ఉన్నది. ఈ పరికరములు వచ్చినంతమాత్రమున పిల్లల సృజనశక్తి వికసించునా? ఇది తలిదండ్రులును, ఉపాధ్యాయులును నిదానముగా ఆలోచింపదగిన విషయము.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన బడులు మూతపడినప్పుడు, తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పిల్లలకు పాఠములు చెప్పిరి. ఆపత్కాలమున అది గొప్ప మేలే. కాని ఆ పద్ధతిలో తెర చెప్పును, పిల్లవాడు వినును. బడులు తెరచిన పిదపకూడ తెరను అట్లే వాడినచో, మనము పాత వల్లెవేతకు క్రొత్త రంగు పూసినవారమే యగుదుము.

ఈ ప్రమాదమును చాల ముందుగా గుర్తించినవాడు సేమూర్ పాపర్ట్ అను గణితవేత్త. ఆయన 1928లో దక్షిణాఫ్రికాలో జన్మించి, జెనీవాలో పియాజే మహాశయునికడ పిల్లల మనస్తత్వమును పరిశీలించి, పిదప అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేసెను. 1967లో ఆయనయు, వాలీ ఫ్యూర్‌జీగ్, సింథియా సాలమన్ మొదలగువారును కలిసి పిల్లలకొరకు 'లోగో' అను కంప్యూటరు భాషను రూపొందించిరి. యంత్రము పిల్లవానిని నడిపింపరాదు, పిల్లవాడే యంత్రమును నడిపింపవలెననునది ఆయన సిద్ధాంతము.

లోగోలో ఒక తాబేలు ఉండును. అది తెరమీద కదలు చిన్న గుర్తు. వంద అడుగులు ముందుకు పొమ్మని, 90 డిగ్రీలు కుడికి తిరుగుమని నాలుగు పర్యాయములు చెప్పినచో, అది చతురస్రమును గీయును. ఇక ఒక బాలికకు త్రిభుజము గీయవలెనని కోరిక కలిగినదనుకొందము. సమబాహు త్రిభుజమున ఒక్కొక్క కోణము 60 డిగ్రీలని ఉపాధ్యాయుడు చెప్పియున్నాడు. ఆమె 60 డిగ్రీలు తిరుగుమన్నది. త్రిభుజము రాలేదు. ఆరు పర్యాయములు చెప్పినపిదప తేనెపట్టు గదివంటి ఆరు భుజముల బొమ్మ వచ్చినది! అప్పుడామె లేచి, తానే తాబేలై నేలమీద నడిచి చూచినది. మూలకడ తాను తిరుగుచున్నది లోపలి కోణము కాదనియు, వెలుపలి కోణమనియు, అది 120 డిగ్రీలనియు ఆమెకే తోచినది. ఎట్టి బహుభుజి చుట్టు నడచినను, బయలుదేరిన చోటికి వచ్చి మొదటి దిక్కునకు మొగము త్రిప్పునప్పటికి మొత్తము 360 డిగ్రీలు తిరుగవలెను. ఇక్కడ తప్పునకు ఎఱ్ఱసిరా గీత లేదు. తప్పే ఒక క్రొత్త బొమ్మను కానుకగా ఇచ్చినది.

ఇది మనకు పరాయి విద్య కాదు. వాకిట చుక్కలు పెట్టి, ఒకే మెలికను నాలుగు దిక్కుల త్రిప్పి ముగ్గు వేయు మన ఆడపడుచులు చేయునదియు ఇదియే. 1970ల దశాబ్దమున మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు ముగ్గులను కంప్యూటరు శాస్త్రదృష్టితో, బొమ్మల వ్యాకరణముగా పరిశీలించిరి. కావున పిల్లలు ముగ్గును మొదట సుద్దతో నేలపై వేయవలెను. తరువాత దానిని తోటివానికి మాటలలో చెప్పవలెను. ఆ పిదపనే యంత్రమునకు చెప్పవలెను.

నేడు ఇంతకంటె సులభమైన సాధనములు కలవు. 2007లో మిచెల్ రెస్నిక్ బృందము ఎం.ఐ.టి. నుండి 'స్క్రాచ్' అను సాధనమును వెలువరించినది. ఇందు ఆజ్ఞలు రంగురంగుల బిళ్లలు. ఒకదానికొకటి అమరినచో పని జరుగును. 2014లో అయిదు మొదలు ఏడేండ్ల పిల్లలకు 'స్క్రాచ్ జూనియర్' వచ్చినది. ఇందు ఆజ్ఞలు బొమ్మలే గనుక అక్షరములు రాని పిల్లయు వాడగలదు. రెండును ఉచితములే. ఒకమారు అమర్చుకొన్నచో ఇంటర్నెట్టు లేకయే పనిచేయును. పిల్ల తన బొమ్మను గీసి, తన గొంతును చేర్చి, అవ్వ చెప్పిన కథను నాలుగు పుటలలో ఆడింపవచ్చును.

నలువదిమంది పిల్లలకు ఒక్క యంత్రమైనచో ఎట్లని అడుగవచ్చును. నలుగురు నలుగురుగా కూర్చుండబెట్టవలెను. ఒకరు కథ అల్లుదురు, ఒకరు బొమ్మ గీయుదురు, ఒకరు గొంతిత్తురు, ఒకరు ఆజ్ఞలు పేర్తురు. మరునాడు పనులు మార్చుకొందురు. వంతు రానివారికి కాగితము, బంకమట్టి, రంగులు ఉండనే ఉన్నవి. వానిని ఎన్నటికిని విడువరాదు. ఉపాధ్యాయుడు ఒక నమూనా చూపి దానినే చేయుమన్నచో పది జట్లును ఒకే బొమ్మను చేయును. అప్పుడు యంత్రము ఉన్నను సృజన లేదు. "ఇది ఇట్లు కాక మరెట్లుండవచ్చును?" అని అడుగుటయే ఆయన పని. మార్కులు వేయుటకంటె, ఎట్లు చేసితివో చెప్పుమనుట మేలు.

ఇప్పుడు ఒక్క మాట చెప్పిన చాలును, బొమ్మనంతయు గీసి ఇచ్చు యంత్రములును వచ్చినవి. వానివలన బొమ్మ దొరకును గాని, తప్పి, సరిదిద్దుకొని నేర్చిన నేర్పు దొరకదు. పసితనమున ఆ నేర్పు అలవడనివారు పెద్దవారైన పిదప ఇతరులు చేసిన దానిని చూచుటకును, కొనుటకును మాత్రమే మిగులుదురు. మన గ్రామములలోని బడిపిల్లల కట్టి గతి పట్టరాదు.

కావున పిల్లలు తెర ముందు నుండి లేచినప్పుడు, ఏమి చూచితివని కాక, ఏమి చేసితివని అడుగుదము.