చీర వెనక్కొచ్చింది, డబ్బు వెనక్కివ్వాలా? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈ వారం ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మేవాళ్ల తలనొప్పి గురించి మాట్లాడుకుందాం. పొద్దున వేర్‌హౌస్‌లోనో ఏజ్డ్ కేర్‌లోనో షిఫ్టు చేసొచ్చి, సాయంత్రం చీరలు, పిల్లల పట్టు లంగాలు ఫొటోలు తీసి పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్ వైపు, సిడ్నీలో వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు ఏ వాట్సాప్ గ్రూపు చూసినా కనిపిస్తారు. నేనూ అయిదేళ్లుగా అదే పనిలో ఉన్నాను. అమ్మడం పెద్ద కష్టం కాదు. అమ్మింది వెనక్కొస్తానన్నప్పుడే అసలు కథ మొదలవుతుంది.

ముందు రెండు మెసేజ్‌లు ఊహించుకోండి. ఒకరు "అక్కా, మా ఆయనకి రంగు నచ్చలేదు, వాపసు తీసుకోండి" అంటారు. ఇంకొకరు "అక్కా, మీరు ప్యూర్ పట్టు అన్నారు, ఇది కాదు" అంటారు. వినడానికి రెండూ రిటర్నే. చట్టం దృష్టిలో మాత్రం రెండూ వేరు. 2011 జనవరి 1 నుంచి ఇక్కడ ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా అమల్లో ఉంది. దాని ప్రకారం, మనసు మారిందనో, వేరేచోట తక్కువకి దొరికిందనో అడిగితే డబ్బు తిరిగివ్వాల్సిన పని లేదు. ఇస్తే మీ మంచితనం. కానీ "14 రోజుల్లో మార్చుకోవచ్చు" అని మీరే రాసి పెట్టుకుంటే, ఆ మాట మీద నిలబడాలి.

రెండో మెసేజ్ అలా కాదు. సరుకు మీరు చెప్పినట్టు లేకపోయినా, లోపం ఉన్నా బాధ్యత మీదే. లోపం చిన్నదైతే, అంటే ఫాల్ కుట్టు ఊడిపోవడం లాంటిదైతే, కుట్టి ఇవ్వాలా, మార్చాలా, డబ్బివ్వాలా అన్నది మీరు తేల్చుకోవచ్చు. పెద్దదైతే, ప్యూర్ పట్టు అని సెమీ పట్టు పంపడం లాంటిదైతే, రీఫండా ఇంకోటా అన్నది కొన్నవాళ్ల ఇష్టం. చిన్న పార్సిల్ కాబట్టి పోస్టు చేయడం వాళ్ల పనే, కానీ లోపం నిజమని తేలితే ఆ పోస్టేజీ కూడా మీరు ఇచ్చుకోవాలి.

ఇక మన గ్రూపుల్లో పెద్ద అక్షరాలతో పెడతారే, "నో రిటర్న్స్, నో రీఫండ్స్" అని. చాలామంది దాన్ని గొడుగులా అనుకుంటారు. వాన పడితే ఆ గొడుగు ఆగదండీ. లోపమున్న సరుక్కి కూడా రీఫండ్ లేదన్నట్టు బోర్డు పెట్టడమే కొనేవాళ్లని తప్పుదోవ పట్టించడం అవుతుంది. వాల్వ్ అని అమెరికాలో పెద్ద కంప్యూటర్ గేముల కంపెనీ. వాళ్లు ఆస్ట్రేలియా కస్టమర్లకి ఇలాగే రీఫండ్ హక్కు లేదని చెప్పినందుకు ఏసీసీసీ కోర్టుకెక్కింది. 2016 డిసెంబర్‌లో ఫెడరల్ కోర్టు 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మన చీరల వ్యాపారానికి అంత రాదులెండి, కానీ సూత్రం ఒక్కటే. "మనసు మారితే రిటర్న్ లేదు, లోపం ఉంటే 48 గంటల్లో చెప్పండి" అని రాయండి. ఆ 48 గంటలు కూడా త్వరగా చెప్పమని అడగడమే, అది దాటితే వాళ్ల హక్కు పోయిందని కాదు.

"హైదరాబాద్ షాపు వాళ్లు పంపినదే అక్కా, నేనేం చేయను" అని అనేస్తుంటారు కొందరు. ఇక్కడ కొన్నవాళ్లకి ఆ షాపుతో సంబంధం లేదు. వాళ్లకి అమ్మింది మీరు. అందుకే సరుకు తెప్పించుకునే ముందే ఆ షాపుతో మాట్లాడుకోండి: డ్యామేజీ పీసు ఫొటో పంపిస్తే తర్వాతి బిల్లులో తగ్గించాలి, అని. నోటితో కాదు, వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇప్పుడు అందరూ అడిగే సంగతి. ఫంక్షన్ అయ్యాక తిరిగొచ్చే చీర. నేను 420 డాలర్లకి అమ్మిన ఒక గద్వాల్ చీర ఉగాది అయిన నాలుగు రోజులకి వెనక్కొచ్చింది. "జరీలో లోపం" అని కారణం. తెరిచి చూస్తే సెంటు వాసన, పల్లూ దగ్గర పిన్నీసు రంధ్రాలు, అంచు మీద పసుపు మరక. 420 డాలర్లంటే నాలాంటివాళ్లకి రెండు షిఫ్టుల కష్టం. అది ఒక సెల్లింగ్ ప్లాట్‌ఫామ్ ద్వారా జరిగిన అమ్మకం. మొదట వాళ్లు కొన్నావిడ వైపే మొగ్గి, డబ్బు వెనక్కి ఇచ్చేశారు. నేను అప్పీలు పెట్టాను. ప్యాక్ చేసేటప్పుడు తీసిన వీడియో, అందులో పల్లూ, అంచు, జరీ దగ్గర నుంచి చూపించినది, వెనక్కొచ్చిన రోజు అదే చోట తీసిన ఫొటోలు, పక్కపక్కన పెట్టి పంపాను. మూడు వారాలు పట్టింది. సగం డబ్బు వచ్చింది. పూర్తిగా గెలిచాననను. కానీ వీడియో లేకపోతే ఆ సగమూ ఉండేది కాదు.

అందుకే నేను 100 డాలర్లు దాటిన ప్రతి చీరకీ ఒక నిమిషం వీడియో తీస్తాను. పగటి వెలుతురులో. డబుల్ షేడ్ చీర అయితే రెండు కోణాల్లో. ట్యూబ్ లైటు కింద మెరూన్ ఎరుపులా కనిపిస్తుంది, తర్వాత ఆ గొడవ మీదే అవుతుంది. చేనేత అయితే "మగ్గం మీద నేసినది, దారంలో చిన్న ముడులు సహజం" అని లిస్టింగ్‌లోనే రాయండి. పవర్‌లూమ్ చీరకి మాత్రం చేనేత అని రాయకండి. సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే ఫొటో పెట్టండి, లేకపోతే ప్యూర్ అన్న మాట జాగ్రత్తగా వాడండి.

రంగు వదలడం మీద వచ్చే తగాదాలు ఇంకో రకం. మొదటి ఉతుకులోనే వాషింగ్ మెషీన్‌లో వేసి, రంగు పోయిందంటారు. ఇక్కడ బట్టలకి ఇంగ్లీషులో ఉతికే సూచనల లేబుల్ కుట్టి ఉండాలన్న నిబంధన ఉంది. కొత్త బట్టలు అమ్మేటప్పుడు మీ సరుక్కి అది వర్తిస్తుందో లేదో ఏసీసీసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. "డ్రై క్లీన్ మాత్రమే" అని ముందే చెప్పి ఉంటే, ఆ గొడవలో మీకు అదే బలం. పిల్లల నైట్ డ్రస్సులకైతే మంటల ప్రమాదం లేబుల్ నిబంధన వేరే ఉంది, అది చాలా గట్టిది. నేనైతే ఆ సరుకు జోలికే పోను.

డబ్బు ఎలా తీసుకున్నారన్నది కూడా చూసుకోవాలి. ఈబేలో మీరు రిటర్న్స్ లేవని పెట్టినా, వర్ణనకి భిన్నంగా ఉందని కొన్నవాళ్లు 30 రోజుల్లో తెరిచే కేసుని తప్పించుకోలేరు. జవాబివ్వడానికి మీకుండేది మూడు పని రోజులు. పేపాల్‌లో అయితే కొన్నవాళ్లకి 180 రోజుల వరకూ డిస్ప్యూట్ వేసే వీలుంది. పార్సిల్ రాలేదంటే ట్రాకింగ్ చూపించాలి, అందుకే ఖరీదైనదాన్ని ఆస్ట్రేలియా పోస్ట్‌లో సంతకంతో డెలివరీ పెట్టి పంపండి. గుమ్మం ముందు వదిలేసి పోయినదానికి జవాబు చెప్పుకోవడం కష్టం.

పేఐడీ మోసం సంగతి కూడా. "పొరపాటున ఎక్కువ పంపేశాను, మిగతాది వెనక్కి పంపండి" అంటారు, బ్యాంకు నుంచి వచ్చినట్టుండే ఈమెయిల్ చూపిస్తారు. ఈమెయిల్ చూడకండి, మీ బ్యాంకు యాప్ తెరిచి చూడండి. డబ్బు రాకుండానే వెనక్కివ్వమనడం రిటర్న్ కాదు, దోపిడీ.

చివరగా ఒక శ్రోత పంపిన వాయిస్ మెసేజ్. ఆవిడ రిటర్న్ ఒప్పుకోకపోతే "మీరు వీసా మీద ఉండి వ్యాపారం చేస్తున్నారని ఇమిగ్రేషన్‌కి రాస్తా" అని కొన్నవాళ్లు బెదిరించారట. భయపడి 300 డాలర్లు ఇచ్చేద్దామా అని అడిగారు. చెల్లీ, చీర తగాదా వేరు, వీసా వేరు. చీరలో లోపం ఉందా? ఉంటే రీఫండ్ ఇవ్వండి, బెదిరించినా బెదిరించకపోయినా. లేకపోతే ఆధారాలు పంపి, "ఇంతకుమించి ఏమైనా ఉంటే కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియాకి రాయండి" అని మర్యాదగా ముగించండి. స్క్రీన్‌షాట్ దాచుకోండి. వీసా సంగతి మాత్రం విడిగా ఈ వారమే చూసుకోండి. 482 మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ దగ్గర తప్ప పని చేయకూడదు. స్టూడెంట్ వీసాకి చదువు జరిగే రోజుల్లో రెండు వారాలకి 48 గంటల పరిమితి ఉంది. రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌ని అడగండి, గ్రూపులో అన్నయ్యల్ని కాదు.

మీ దగ్గర ఇలాంటి కేసేదైనా నడుస్తుంటే వాయిస్ మెసేజ్ పంపండి, పేర్లు తీసేసి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండీ.