ఎరువు వేసే ముందు ఆకును చూడండి



కెల్లీవిల్‌లో పెరట్లో గోంగూర, బెండ, టమాటా వేసుకున్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న: "ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయండీ, ఏ ఎరువు వెయ్యాలి?" సంచీ విప్పే ముందు ఒక్క సంగతి చూడండి. ముందు రంగు మారింది కింది ముదురాకులా, చివరి లేతాకులా?

నత్రజని, పొటాష్, మెగ్నీషియం తక్కువైతే మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగుళ్ళకు పంపుతుంది. అందుకే లోపం కింది ఆకుల్లో కనబడుతుంది. ఆకంతా పాలిపోతే నత్రజని. అంచులు మాడితే పొటాష్. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే మెగ్నీషియం. ఇనుమును మాత్రం మొక్క అలా తరలించలేదు. కాబట్టి లేతాకులే ముందు పసుపెక్కుతాయి, వాటి ఈనెలు ఆకుపచ్చగానే ఉంటాయి.

అయితే లోపం కనబడినంత మాత్రాన మట్టిలో ఆ పోషకం లేదని కాదు. ఇక్కడిది బంకమట్టి. కొత్త ఇళ్ళ గోడల పక్కన సిమెంటు, సున్నం మిగిలి ఉంటే మట్టిలో క్షారగుణం పెరిగి, ఉన్న ఇనుము కూడా వేరుకు అందదు. మన ఊళ్ళల్లో సున్నపు నేలల్లో వేరుశనగ పసుపెక్కితే రైతులు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లుతారు. ఇక్కడ నర్సరీల్లో ఐరన్ కీలేట్ దొరుకుతుంది. కానీ ముందు పీహెచ్ కిట్‌తో మట్టి చూసుకోండి. కూరగాయలకు 6 నుంచి 7 మంచిది. అంతకంటే ఎక్కువుంటే అలవాటుగా వేసే కట్టెల బూడిద మానెయ్యండి, అది ఇంకా పెంచుతుంది. నీళ్ళు నిలిచి వేళ్ళకు గాలి ఆడకపోయినా ఆకులు పసుపెక్కుతాయి.

టమాటా అడుగు నల్లబడితే కాయకు కాల్షియం అందలేదని అర్థం. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది. ఒకరోజు ముంచెత్తి మూడురోజులు ఎండబెట్టడమే కారణం. మొదట్లో గడ్డి పరిచి, నీళ్ళు సమంగా పెట్టండి. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అందవు.

ఎక్కువైనా కష్టమే. కోళ్ళ ఎరువు గుళికలు దోసిళ్ళతో పోస్తే ఆకు గుబురుగా వస్తుంది, పూత రాదు. పొటాష్ మితిమీరితే మెగ్నీషియం అందదు.

మనకిక్కడ బెండకు వేసవి నెలలే కాలం. తప్పు మందు వేస్తే ఆ ఏడాది కాపు పోయినట్టే. అందుకని ఒకసారికి ఒక్క మార్పే, అదీ రెండు మొక్కలకే చెయ్యండి. పది రోజులాగి కొత్త ఆకులు చూడండి. పాత ఆకులు కోలుకోకపోయినా దిగులు వద్దు. చిగురు పచ్చగా వస్తే మీ అంచనా సరైనదే.