చలరాశి: పెట్టెయా? చీటియా?

బీజగణితము చదివినవారికి, తెలియని సంఖ్యకు బదులుగా ఒక అక్షరము నుంచుట పరిచితమే. లెక్క ముగియువరకు ఆ అక్షరము విలువ మారదు. కంప్యూటరు ప్రోగ్రాములలోని చలరాశి అట్టిది కాదు. దాని విలువ క్షణక్షణమునకు మారవచ్చును. యంత్రపు మెమరీలో కొంత చోటు, ఆ చోటుకు మనము పెట్టిన పేరు: ఇదియే చలరాశి.

దీనిని పెట్టెతో పోల్చుట వాడుక. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన జావా భాషలో, సంఖ్యల విషయమున ఈ పోలిక చక్కగా సరిపోవును. 'ఇంట్' అను రకపు పూర్ణసంఖ్యకు 32 బిట్ల చోటు కలదు. అందులో ఇమిడెడి మిక్కిలి పెద్ద సంఖ్య 2,14,74,83,647. ఒక పెట్టెలోని సంఖ్యను మరొక పెట్టెలోనికి ఎత్తి వ్రాసినచో, అటుపై ఒకటి మారినను రెండవది మారదు.

వస్తువుల దగ్గర ఈ పోలిక చెడును. వస్తువనగా కొన్ని విలువలను, వానిపై జరుపదగిన పనులను ఒక్కచోట కూర్చిన కట్ట. నార్వే దేశమున ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను శాస్త్రజ్ఞులు 1960 దశకమున సిమ్యులా భాషలో ఈ భావమునకు రూపమిచ్చిరి. జావాలో చలరాశి వస్తువును తనలో నుంచుకొనదు. అది ఎక్కడ నున్నదో తెలుపు గుర్తును మాత్రమే ఉంచుకొనును. అనగా అది పెట్టె కాదు, చిరునామా వ్రాసిన చీటి. చీటిని చూచి మరొక చీటి వ్రాసినంతమాత్రమున రెండవ ఇల్లు లేవదు గదా!

ఇందలి ప్రమాదమును గమనింతము. ఆసుపత్రిలో ఇద్దరు రోగులకు ఒకే మందులు వ్రాయబడినవి. మరల నింపుట ఎందుకని ప్రోగ్రాము వ్రాయువారు, మొదటి రోగి మందుల పట్టికయే రెండవవాని పట్టిక యని ఒక్క వాక్యముతో సరిపెట్టిరి. తరువాత రెండవవానికి ఒక మందు పడదని తెలిసి దానిని కొట్టివేసిరి. మొదటివాని పట్టికలోనుండియు ఆ మందు మాయమయ్యెను! పేర్లు రెండు, పట్టిక ఒక్కటియే. యంత్రము చెప్పినట్లే చేసినది గనుక హెచ్చరింపదు. నకలు కావలెనన్న క్రొత్త పట్టికను సృష్టించి, మందులను ఒక్కొక్కటిగా అందులోనికి ఎక్కింపవలెను.

ఏ చిరునామాయు లేని చీటియు ఉండవచ్చును. దానిని 'నల్' అందురు. ఆ చీటి పట్టుకొని ఇల్లు వెదకినచో ప్రోగ్రాము నిలిచిపోవును. 1965లో ఆల్గాల్ డబ్ల్యు భాషకై దీనిని కల్పించిన టోనీ హోర్, 2009లో దానిని తన వందకోట్ల డాలర్ల పొరపాటుగా పేర్కొనెను.

అట్లని ఒకే వస్తువునకు రెండు పేర్లుండుట దోషము కాదు. వార్డులోను, మందులిచ్చు చోటను ఒక రోగికి ఒకే పట్టిక కనబడుటయే క్షేమము. కావున ప్రోగ్రాము వ్రాయువారు ముందుగా తేల్చుకొనవలసిన ప్రశ్న ఒక్కటియే యని మా మనవి: మనకు కావలసినది మరొక పేరా, మరొక వస్తువా?