పంచాంగము ప్రజల సొత్తు



పంచాంగము చూడక మన యిండ్లలో పెండ్లి ముహూర్తము పెట్టరు. పెద్దల ఆబ్దికము నిర్ణయింపరు. అట్టి గ్రంథమును ఉగాదినాడు భక్తితో విందుము. మరుసటి ఉగాదికి అటకపై పడవేయుదుము. ఏడాది గడచిన పంచాంగమునకు విలువ లేదను ఈ తలంపు తగదు. తండ్రి గతించిన తేదీ మాత్రము తెలిసి, తిథి తెలియని కుమారునకు ఆ యేటి పంచాంగమే దిక్కు.

మన వల్లూరు ఒకప్పుడు కాయస్థరాజుల రాజధాని. దాపుననే పుష్పగిరి కలదు. కడప మండలమునందలి శాసనములలో పెక్కింటియందు శకవర్షము, మాసము, తిథివారములు చెక్కబడియున్నవి. అవి యే తేదీకి సరిపోవునో తేల్చుటకు గణితపట్టికలు కావలయును. కడపలో నివసించిన బ్రౌను దొర 1863లో మన కాలగణనమునుగూర్చి ప్రత్యేకముగా గ్రంథము ప్రకటించెను. స్వామికన్ను పిళ్లెగారు వందల యేండ్ల తిథులను లెక్కకట్టి 1922లో ముద్రింపించిరి. చరిత్రకారులకు నేటికిని అవి యూతకఱ్ఱలు.

చేతిఫోనులో పంచాంగము కనబడుచుండగా ఇంక కొఱత యేమని కొందఱు అడుగవచ్చును. కొఱత కలదు. చంద్రుడు సూర్యునికంటె 12 భాగలు ముందునకు జరుగు కాలమే తిథి. అది యెల్లయెడల నొకే క్షణమున ముగియును. సూర్యోదయము మాత్రము ఊరూరికి మాఱును. రాజమహేంద్రవరమునకును కడపకును రేఖాంశభేదము సుమారు 3 భాగలు. ఆ భేదముచేతనే 12 నిమిషముల యంతరము కలుగును. ఆ నడుమ తిథి ముగిసినచో అచ్చటి పర్వదినము వేఱు, ఇచ్చటిది వేఱు కావచ్చును. పూర్వసిద్ధాంతమునకును దృగ్గణితమునకును గంటల భేదమే రావచ్చును. ఏ యూరికి, ఏ గణితముచే లెక్కించిరో చెప్పని పంచాంగము తూకపురాళ్లు చూపని అంగడివంటిది.

మేఘనాథ సాహా అధ్యక్షతను 1952లో ఏర్పడిన సంఘము, దేశమున ముప్పదివరకు పంచాంగపద్ధతులు వాడుకలో నున్నవని గుర్తించి, 1955లో నివేదిక నిచ్చెను. 1957 మార్చి 22వ తేదీనుండి జాతీయపంచాంగము అమలులోనికి వచ్చెను. ప్రభుత్వము తన పని చేసినది. ప్రజల పని మిగిలియున్నది.

ఆ పని మూడు విధములు. పాతపంచాంగములను సేకరించి, ఛాయాప్రతులు తీసి, అంతర్జాలమున ఉచితముగా నుంచవలెను. గ్రంథకర్త మరణించిన పిదప 60 సంవత్సరములు గడచిన రచనలకు మన చట్టము ఆటంకము చెప్పదు. కొత్తవాని గణితభాగమును, ఊరిపేరును పద్ధతిని స్పష్టముగా తెలిపి, తెలుగు అంకెలపట్టికలుగా అందఱకు విడువవలెను. ఈ శ్రమకు దేవాలయములును గ్రంథాలయములును వేతన మీయవలెను.

సిద్ధాంతుల జీవనము పోవునని భయపడువారు కలరు. ఆ భయము న్యాయమైనదే. గణించినవాని పేరు చెఱిపి ఫలము దోచుకొనుట ధర్మము కాదు. వారి పేరు ప్రతి పుటయందు నిలువవలెను. ముహూర్తనిర్ణయము వారి విద్య. దానికి తగిన సంభావన యిచ్చుట మన విధి. కాని సూర్యచంద్రుల గతి యే యొక్కరి సొత్తును కాదు. దానిని కొనలేని పేదకును దూరదేశములనున్న తెలుగువానికిని అది సమానముగా దక్కవలెను.

మీ యటకలపైనున్న కట్టలను రేపే దింపుడు. చెదలు ముగింపకముందే అవి మన పఠనమందిరమునకు చేరవలెను.