నూనె అమ్ముదము, పిండి నిలుపుకొందము



“బీడున నూనెచెట్లు నాటుడు, ఎరువుతో పనిలేదు” అను మాటను మన అదియమాన్‌కోట్టై మెట్టరైతులము నమ్మరాదు. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానము 2017 నాటికి పెట్రోలు, డీజిలులలో 20 శాతము జీవ ఇంధన మిశ్రమమును ఆశించినది. ఆ గురి నెరవేరలేదు. తమిళనాట నాటిన అడవియాముదము చెప్పినంత కాయలేదని 2010లో వెలువడిన పరిశోధన తెలిపినది. చెట్టు బ్రతుకుట వేరు, కాయుట వేరు.

నూనెలో నుండునది కర్బనము, ఉదజని, ప్రాణవాయువు. ఇవి గాలియు నీరును ఇచ్చినవి. నేల యిచ్చిన నత్రజని, భాస్వరము, పొటాషియము పిండిలోనే నిలిచియుండును. కావున గింజ నమ్మినచో నేలసారమునే అమ్మినవారమగుదుము.

తమిళులు పుంగమను మన కానుగ వేరుబుడిపెలచే నత్రజనిని కొంత సమకూర్చుకొనును. భాస్వరమును మాత్రము పుట్టింపజాలదు. అడవియాముదమునకు ఆ బుడిపెలును లేవు. దాని పిండి విషము. పశువులకు పెట్టరాదు, నేలకే చెందవలెను.

తెలంగాణమునందలి పవర్‌గూడలో స్త్రీల సంఘము కానుగ నూనెను తమ యూరనే తీయించినది. 2003లో 147 టన్నుల కర్బనపు లెక్కకు ప్రపంచ బ్యాంకునుండి 645 డాలర్లు పొందినది. గానుగ యున్న యూరికే పిండి దక్కును.

కావున మొక్క నాటుటకు ముందే, పిండి యెవరిదో ఒడంబడికలో వ్రాయించుకొందము.